ఆపరేషన్ ఆకలి

చచ్చిపోయిన మూడో రోజు పొద్దున తుల్సీరాం డ్యూటీకి వచ్చాడు.

ఖమ్మం మిర్చి మార్కెట్ వెనకాల ఒక పాత కోల్డ్ స్టోరేజీ ఉంది. గేటు మీద ‘భూగర్భ జలాల సర్వే’ అని బోర్డు. లోపల జలం లేదు, సర్వే లేదు. ఉన్నదల్లా ప్రభుత్వం ఎక్కడా ఒప్పుకోని ఒక రహస్య విభాగం. దయ్యాలు, గాలి సోకడాలు, చేతబళ్ళు, వాటిని మన మీదికి ఉసిగొల్పే విదేశీ ముఠాలు, ఇవన్నీ దాని నెత్తిన ఉన్న పనులు. ఆఫీసు అక్కడే ఎందుకంటే, ఆ గోడల్లో ఏళ్ళ తరబడి మిరప ఘాటు ఇంకిపోయింది. లోపలికి అడుగు పెట్టినవాడు ఎంతటి మొనగాడైనా తుమ్మాల్సిందే. తుమ్మితే మనిషి. తుమ్మకపోతే తుపాకీ తీయాలి. ఢిల్లీ నుంచి వచ్చిన ఆత్మల స్కానర్ ఒకటి ఉంది గానీ, అది వచ్చిన నాటి నుంచీ అప్‌డేట్ అడుగుతూనే ఉంది. దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు.

తుల్సీరాం తుమ్మలేదు.

ఏజెంట్ రూప్లా చెయ్యి అలవాటు కొద్దీ నడుముకు పోయింది. నలభై దాటిన మనిషి, పొదుపుగా మాట్లాడే మనిషి, విభాగంలో గురి తప్పని చెయ్యి అతనిది. “ఘాటెట్లుంది?” అని అడిగాడు. మనిషైనా దయ్యమైనా కోడ్ కోడే.

“తేజ తేజే, తాలు తాలే,” అని మేలు కాయకూ తాలు కాయకూ మిర్చి మార్కెట్ వాడే మాటల్లోనే జవాబిచ్చి తుల్సీరాం తన పాత కుర్చీలో కూర్చున్నాడు. “తుపాకి దించు తమ్మీ. సచ్చినోన్ని ఎన్నిసార్లు సంపుతవ్?”

సెక్షన్ చీఫ్ వెంకటనారాయణ మధిర వైపు మనిషి. ఆ కోల్డ్ స్టోరేజీ చలికి ఆగస్టులో కూడా మఫ్లర్ చుట్టుకుని తిరుగుతాడు. తుల్సీరాంకి టీ చెప్పబోయి నాలిక్కరుచుకున్నాడు.

ఇల్లందు బస్టాండులో తుల్సీరాంని చంపింది స్టీలు గిన్నెల బండివాడి వేషంలో ఉన్నవాడు. గొడుగు చివర సూది పెట్టి గుచ్చాడు. జనం గుండెపోటనుకున్నారు, దవాఖానాలో డాక్టరూ అదే అనుకున్నాడు. చచ్చినవాడికి ఇంక భయమేముంది, తుల్సీరాం అంతా విడమరిచి చెప్పాడు. కాకపోతే తొందరలో ఉన్నాడు. ఇంటి దగ్గర ఆరోజే అతనికి మూడోదినం. కొడుకు వండి పెట్టి పిలిచే లోపల రిపోర్టు ముగించాలి.

విభాగంలో చేరినవాడికి మొదటి రోజే ఒక మాట నేర్పుతారు. కడుపు నిండిన ఆత్మ పెద్దల్లో కలిసిపోతుంది, ఎవడు పిలిచినా రాదు. ఆకలి మీదున్నదే ఎవడి చేతికైనా చిక్కుతుంది.

ఆ ఆకలి మీదే సముద్రాల అవతల ఒక ముఠా దుకాణం తెరిచింది. కోడ్ నేమ్ ఆర్కిడ్. దాని మనుషులు బండ్ల మీద ఊళ్ళు తిరుగుతారు. పాత సెల్‌ఫోను ఇస్తే స్టీలు గిన్నె ఇస్తారు. ఇంట్లో పోయినవాళ్ళ ఫోన్లు ఎవరి దగ్గర లేవు? ఫోన్లో గొంతు ఉంటుంది. గొంతు ఉన్న చోటికి ఆకలి మీదున్న ఆత్మ వస్తుంది. ఇక దానితోనే ఇంటివాళ్ళకు ఫోన్ చేయించడం. చచ్చిపోయిన బిడ్డ ఫోన్ చేసి ఒక పని అడిగితే కాదనే తండ్రి ఈ భూమ్మీద పుట్టాడా?

ఈసారి ఆ తండ్రి పేరు పగిడయ్య. అడవిలో జెర్రిపోతుల వాగు ప్రాజెక్టు మీద గేట్ ఆపరేటర్. నాలుగు నెలల కింద కూతురు వనజ జ్వరంతో పోయింది. కోయవాళ్ళు చేసే దినాలు ఇంకా చేయలేదు. వరదల సీజన్లో లీవు లేదన్నారు పైవాళ్ళు. ఈరోజు మధ్యాహ్నం వనజ ఫోన్ చేసి గేట్లన్నీ ఎత్తమంటుంది. రిజర్వాయరు నిండుకుండలా ఉంది. గేట్లన్నీ ఒక్కసారే లేస్తే కిందనున్న రెండు తండాలు, ఒక కోయగూడెం ఆనవాలు కూడా మిగలవు.

“గిది ట్రయలే సార్,” అన్నాడు తుల్సీరాం. “ఈడ పనయితే పెద్ద డ్యాముల మీద పడతరు. భద్రాచలం గతి ఏమైతదో మీరే ఊహించుకోన్రి. ఈ గొంతులన్నిటినీ మోసేది ఒక్క ఆడమనిషి. ఆమె అటూ పని చేస్తున్నది, ఇటూ చేస్తున్నది. ఈ ముచ్చట్లన్నీ నాకు జెప్పింది ఆమెనే.”

“పేరు?” అన్నాడు వెంకటనారాయణ.

తుల్సీరాం రూప్లా వైపు చూసి, చూపు గోడ మీదికి మార్చుకున్నాడు.

“సువర్ణ. జూలూరుపాడు అవతల మూతపడ్డ జిన్నింగ్ మిల్లుల ఉన్నది. రూప్లానొక్కన్నే రమ్మన్నది. ఇంగ...” అంటూ ఏదో వాసన పట్టినట్టు గాలి పీల్చి నవ్వాడు. “మావోడు గుడ్డు కూర బాగనే వండిండు.”

కుర్చీ ఖాళీ అయిపోయింది. పెన్షన్ గురించి ఒక్క మాట అడగకుండా వెళ్ళిపోయిన ప్రభుత్వోద్యోగి అతనొక్కడే.

సువర్ణ రూప్లా పెళ్ళాం. విభాగంలో వైర్‌లెస్ ఆపరేటర్. మూడేళ్ళ కింద ఒక మిషన్లో ఆమె జీపు అడవిలో చప్టా దాటుతుంటే వాగులో కొట్టుకుపోయింది. జీపు దొరికింది. మనిషి దొరకలేదు.

తండాల్లో పోయినవాళ్ళకు కంచంలో పెట్టరు. నిప్పుల మీద నెయ్యి, బెల్లపన్నం వేసి పేరు పెట్టి పిలుస్తారు. మంట లేస్తే తిన్నట్టు. ఆ తర్వాత ఆ మనిషి ఒకరి పెళ్ళామూ కాదు, ఒకరి బిడ్డా కాదు. పెద్దల్లో ఒకరు. దీపావళి వచ్చిన ప్రతిసారీ సువర్ణ తల్లి మంగ్లి అల్లుణ్ణి బతిమాలింది, తిట్టింది, కాళ్ళు పట్టుకోబోయింది. మొగుడు ఉండగా ఆ ముద్ద ఇంకొకరు వేయకూడదు. యాడీ, శవం దొరకలేదు కదమ్మా, అని రూప్లా తప్పించుకుంటూ వచ్చాడు. అసలు సంగతి అతనికీ తెలుసు, అత్తకీ తెలుసు. ఆ ముద్ద వేస్తే సువర్ణ ఇంక తన సువర్ణ కాదు. అందుకని ఖమ్మం క్వార్టర్లో రోజూ తన ఎదురుగా ఇంకో కంచం పెట్టుకుని తినేవాడు. పొద్దున అది వీధి కుక్కలకు పోయేది. ఆ కంచంలోది ఒక్క మెతుకు కూడా ఆమెకు చేరదని తండాలో పుట్టిన రూప్లాకు ఎవరు చెప్పాలి?

“రూప్లా.”

“సార్.”

“ఈ పని వేరేవాళ్ళకి ఇవ్వనా?”

“నన్నొక్కన్నే రమ్మన్నది సార్.”

“అందుకే అడుగుతున్నాను.” వెంకటనారాయణ మఫ్లర్ సర్దుకున్నాడు. “ఆ పెద్దాయన గేట్ల మీట మీద చెయ్యి వేస్తే కాల్చెయ్. అది ఆర్డరు. ఇంకో దారి కూడా ఉందని నీకు తెలుసు, నాకూ తెలుసు. అది ఆర్డరు వేయడానికి నాకు నోరు రావడం లేదు.”

రూప్లా స్టోర్స్‌కు వెళ్ళి సామాను సంతకం పెట్టి తీసుకున్నాడు. ఒక పిస్టల్, వెండి తూటాలు. వెండి అంటే టెండరు వెండి, గోటితో గీకితే పూత లేచి వస్తుంది. ఒక జామర్, ఛార్జింగ్ ఎక్కదు. రెండు పొట్లాల మిరపకారం. విభాగానికున్న ఆయుధాల్లో ఏనాడూ మోసం చేయనిది ఆ కారం ఒక్కటే.

వేషం కూడా శత్రువు వేషమే. బండికి రెండు వైపులా స్టీలు బిందెలు, ప్లాస్టిక్ టబ్బులు వేలాడదీసుకుని, పాత సెల్లులకు కొత్త గిన్నెలు అని మైకులో అరుచుకుంటూ ఏన్కూరు మీదుగా బయల్దేరాడు. వేషం మరీ బాగా కుదిరింది. దారి పొడుగునా ఆడవాళ్ళు బండి ఆపారు. ఒకామె రెండు ఫోన్లు తెచ్చి పెద్ద టబ్బు కావాలని పట్టుబట్టింది. ఒక ముసలామె చీర కొంగులోంచి ఒక ఫోను తీసి, మావోడిది నాయినా, పోయిన ఉగాదికి పోయిండు, ఇంట్ల ఉంటే కన్నీళ్ళు ఆగుత లేవు, తీస్కపో అంది. రూప్లా ఆమె చేతిలో ఒక గిన్నె పెట్టి, ఫోను తిరిగి కొంగులో కట్టి, కొడుక్కి పెట్టాల్సింది పెట్టినవా అవ్వా అని అడిగాడు. పదకొండో దినమే పెట్టినమన్నది ఆమె, అదేం ప్రశ్న అన్నట్టు చూసి. అతను ముఖం తిప్పుకుని కిక్ కొట్టాడు.

దయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయన్నది సినిమావాళ్ళు పుట్టించిన మాట. విభాగం అనుభవంలో వాటికి మిట్టమధ్యాహ్నమే ఇష్టం. మనుషులు తిని కునుకు తీసే వేళ, అడిగేవాడుండడు. జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు కూడా ఆ మత్తులోనే ఉన్నారు. గిన్నెల బండి చూసి తమవాడే అనుకున్నారు. దగ్గరికొచ్చాక అనుమానం వచ్చి ఒకడు గొడుగు ఎత్తాడు. అప్పటికే వాడి కళ్ళ నిండా ఖమ్మం తేజ మిర్చి పడింది. రెండోవాడికీ వాటా దక్కింది. ఇద్దర్నీ వాళ్ళ లుంగీలతోనే కట్టేసి రూప్లా లోపలికి నడిచాడు.

గోడౌన్ నిండా ఇనప ర్యాకులు. ర్యాకుల నిండా పాత ఫోన్లు, ఒక్కోదానికి ఒక్కో ఛార్జర్. ప్రతి ఫోన్లోంచీ సన్నగా ఒక గొంతు వస్తోంది. అమ్మా అంటోంది ఒకటి. తాతా ఉన్నవా అంటోంది ఇంకొకటి.

అన్నిటికీ చివర ఒక పత్తి బేలు మీద సువర్ణ కూర్చుని ఉంది. ఎర్ర షిఫాన్ చీర, నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఆ చెప్పులు నేలకు జానెడు పైన ఉన్నాయి.

“షిఫాన్ చీర కొనియ్యమని నిన్ను ఎన్నిసార్లడిగిన,” అంది లంబాడీలో. వాళ్ళిద్దరూ ఉన్నప్పుడు ఎప్పుడూ అదే భాష. “సచ్చినంక గాని దక్కలే.”

మూడేళ్ళుగా ఆమె కనబడితే ఏం మాట్లాడాలో రోజూ అనుకున్న రూప్లా ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాడు. బుగ్గ మీద అదే సొట్ట, చెవి పక్కన అదే పుట్టుమచ్చ. చెయ్యి చాపితే చల్లటి గాలి తగిలింది.

“ఏమయ్యా, సన్నబడ్డవ్,” అంది ఆమె.

“నువ్వు గూడ.”

అంతే. మొగుడూ పెళ్ళాలు మూడేళ్ళ తర్వాత కలుసుకుని మాట్లాడుకున్న మాటలు అవే. తర్వాత డ్యూటీ మొదలైంది. ఆమె గబగబా చెప్పుకుపోయింది. మిషన్‌కు పోతూ వదిలిపోయిన తన ఫోను తల్లి మంగ్లి దగ్గర ఉండేదట. ముసల్ది తెలియక ఒక స్టీలు బేసిన్‌కు ఇచ్చేసింది. మిగతా ఆత్మలకు గొంతు ఉంది గానీ దూరం పంపే బలం లేదు. సువర్ణ వైర్‌లెస్ మనిషి, చచ్చినా చెయ్యి తిరిగిన మనిషి. అందుకని ఆర్కిడ్‌వాళ్ళు గొంతులన్నిటినీ ఆమె మీదుగా పంపుతున్నారు. ఆకలి ఎట్లా లాగితే అట్లా పోవాల్సిందే, తన చేతుల్లో లేదు. నోరు మాత్రం తనది, అందుకే తుల్సీరాంతో కబురు పంపింది.

“నేనే వాళ్ళ టవర్ను,” అంది. “ఫోన్ పగలగొట్టినా ఇంకో ఫోన్లకు ఉరుకుత. తూటా కొడితె గడియసేపు చెదిరి మళ్ళొస్త. టవర్ పడాలంటే ఏం జేయాల్నో నీకు ఎరికే.”

రూప్లా ర్యాకు మీది నుంచి ఆమె ఫోను లాగి జేబులో వేసుకున్నాడు. పగిలిన మూలకు తనే అతికించిన టేపు ఇంకా అలాగే ఉంది.

గోడకున్న స్పీకరు గుర్రుమంది. ఆర్కిడ్ పెద్ద తలకాయను ఎవరూ చూడలేదు. ఎక్కడో తన భాషలో మాట్లాడితే ఏదో యంత్రం దాన్ని తెలుగు చేసి వినిపిస్తుంది.

“శుభ మధ్యాహ్నం, గౌరవనీయులైన ఏజెంట్ రూప్లా. దయచేసి ఫోనును తీసుకొనుటకు సంకోచించవద్దు. టవరు ఎక్కడకు వెళ్ళినను టవరే. మీరు ఆమెకు భోజనము పెట్టిన యెడల మాత్రమే మా సేవలు నిలిచిపోవును. మూడు సంవత్సరములుగా మీరు పెట్టలేదు. మా సంస్థలో మీరే అత్యంత నమ్మదగిన ఉద్యోగి. ధన్యవాదములు.”

రూప్లా స్పీకరును కాల్చేశాడు. టెండరు తూటా అయినా ఆ ఒక్క పని చేసింది. కానీ ఆ మాట చెవుల్లోంచి పోలేదు. ఇంత పెద్ద ముఠా, ఇన్ని ఫోన్లు, ఇన్ని గొంతులు, అన్నీ నిలబడింది తన మొండితనం మీదన్నమాట.

ప్రాజెక్టుకు అడవి దారి. టబ్బులూ బిందెలూ విప్పి పారేసి బండి ఉరికించాడు. వెనక సీటు మీద సువర్ణ కూర్చుంది. బరువు లేదు. భుజం మీద ఆమె చెయ్యి ఉండే చోట చొక్కా చల్లబడింది, అదొక్కటే గుర్తు. వాన మొదలైంది. తండా మలుపు దగ్గర ఆమె ఆ వైపే చూస్తూ, అమ్మతో ఈ ముచ్చట చెప్పకు, బేసిన్ తలుచుకుని తలుచుకుని ఏడుస్తది అంది.

“ఫోన్ నా దగ్గర్నే ఉంటది,” అన్నాడు రూప్లా ముందుకు చూస్తూనే. “రోజూ ఛార్జింగ్ పెడత. క్వార్టర్లనే ఉందువు. నీ చీరలన్నీ అట్లనే ఉన్నయి.”

“మరి పగిడయ్య?”

“ఆపుత.”

“ఎట్ల?”

అతను బండి వేగం పెంచాడు. నడుము దగ్గర పిస్టల్ ఆమెకు కనబడుతూనే ఉంది.

“నన్ను ఉంచుకునేటందుకు ఒక ముసలాయన్ని సంపుతవా అయ్యా?” అంది నెమ్మదిగా.

రూప్లాకు సిగ్గేసింది. సిగ్గేసినా బండి ఆపలేదు, ఆలోచన మార్చుకోలేదు. మూడేళ్ళు లేని మనిషి వెనక సీట్లో ఉంది. ఈ ఒక్క మధ్యాహ్నం అతనికి దేశం కనబడలేదు, తండాలు కనబడలేదు, ధర్మం అసలే కనబడలేదు. ఆమె ఉండాలి, అంతే.

ప్రాజెక్టు కట్ట మీద గేట్ల గది. ఇనప తలుపు లోపలి నుంచి గొళ్ళెం పడి ఉంది. పగిడయ్య భార్య కొండమ్మ రెండు చేతులా తలుపు బాదుతోంది. పొద్దుటి నుంచి ఫోన్లో బిడ్డతోటి మాట్లాడుతుండు సారూ, నా బిడ్డ సచ్చిపోయి నాలుగు నెల్లాయె, వద్దంటే ఇనక లోపల గొళ్ళెం పెట్టుకుండు అని చెప్పింది. పక్కనే రేకుల షెడ్డు కింద వాళ్ళ వంట. కట్టెల పొయ్యి మీద గిన్నెలో అన్నం అప్పుడే దించేంతగా ఉడికింది.

రూప్లా కిటికీ దగ్గరికి పోయాడు. ఊచల అవతల పగిడయ్య మీటల బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బక్కపలచటి మనిషి, ఖాకీ చొక్కా. బల్ల మీద ఫోను స్పీకర్లో పెట్టి ఉంది.

“నాయినా, గేట్లెత్తు,” అంటోంది వనజ గొంతు. “నేను అవతలి ఒడ్డున ఉన్న. నీళ్ళన్నీ పోతెనే నీకాడికి రాగలుగుత.”

“ఎత్తుత బిడ్డా. నువ్వస్తనంటే ఎత్తనా?” పగిడయ్య ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. చెయ్యి మీట మీదికి పోయింది. రూప్లా పిస్టల్ ఊచల మధ్య పెట్టి గురి చూశాడు. గురి సరిగ్గా కుదిరింది. వేలు బిగించాడు.

“ముందుగాల ఒకటి చెప్పు బిడ్డా,” అన్నాడు పగిడయ్య. “తిన్నవా?”

ఫోన్లో చప్పుడు లేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆర్కిడ్‌వాళ్ళు రాసివ్వలేదు.

“తిన్నవా బిడ్డా?” అని మళ్ళీ అడిగాడు తండ్రి.

“లేదు నాయినా,” అంది వనజ. అది ఎవరూ నేర్పని గొంతు. మరుక్షణం ఏదో గరగరమని, మళ్ళీ పాత పాటే మొదలైంది. గేట్లెత్తు నాయినా, గేట్లెత్తు. పగిడయ్య మీట నొక్కాడు. కట్ట కింద మోటార్లు మూలిగాయి.

రూప్లా వేలు కదల్లేదు. వెనక్కి తిరిగి చూశాడు. సువర్ణ షెడ్డు కింద పొయ్యి దగ్గర నిలబడి ఉంది. వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. అతన్ని చూడటం లేదు, తుపాకీని చూడటం లేదు. అన్నం గిన్నె వైపు చూస్తోంది. రోజూ కంచం పెట్టాడు, కంచం ముందు కూర్చుని ఏడ్చాడు, ఆమె లేక తను ఎంత బాధ పడుతున్నాడో ఆ కంచానికి చెప్పుకున్నాడు. ఆమెకు ఆకలేస్తుందేమో అని మూడేళ్ళలో ఒక్కనాడు అనుకోలేదు. ప్రేమ అనుకున్నాడు దాన్ని. కట్టుకున్నదాన్ని పస్తు పెట్టాడు.

పిస్టల్ నడుముకు దోపుకుని షెడ్డు కిందికి ఉరికాడు.

“సువర్ణా, తింటవా?”

ఆమె నల్ల కళ్ళద్దాలు తీసింది. “ఇన్నొద్దులకు అడిగినవయ్యా,” అంది.

రూప్లా కొండమ్మను కేకేసి నెయ్యి అడిగాడు. నెయ్యెక్కడిది సారూ, ఇప్పనూనె ఉన్నది అంది ఆమె. బెల్లం లేదు, టీ డబ్బాలో చక్కెర ఉంది. మొగుడు లోపల గేట్లెత్తుతుంటే ఈ మనిషి వంట సామాను అడుగుతాడేందని ఆమె ఒక్క నిమిషం బిత్తరపోయింది గానీ, అతను నిప్పులు బయటికి లాగుతున్న తీరు చూసి మారు మాట్లాడలేదు. కోయగూడెంలో పుట్టినదానికి పెద్దలకు పెట్టడమంటే ఏమిటో ఒకరు చెప్పాలా? సీసా, డబ్బా తెచ్చి పక్కన పెట్టింది. ఎవరికి సారూ అని మాత్రం అడిగింది.

“నా పెండ్లాంకు,” అన్నాడు రూప్లా.

మొదటి ముద్ద నిప్పుల మీద వేశాడు. పొగ లేచింది, మంట లేవలేదు. కింద మోటార్లు ఊపందుకున్నాయి. గేట్ల అంచు నుంచి నీళ్ళు తెల్లగా చిమ్మడం మొదలైంది. పేరు పెట్టి పిలవాలి. పిలవాల్సినట్టు పిలవాలి, పెద్దల్ని పిలిచినట్టు. రూప్లా నోరు తెరిచాడు, మూసుకున్నాడు. సువర్ణ నిప్పులకు అవతల పక్క గొంతుక్కూర్చుంది. తొందర పెట్టలేదు.

“సువర్ణా,” అన్నాడు. “అత్తగారింటి పెద్దల కాడికి, పుట్టినింటి పెద్దల కాడికి పో. రా, తిను.”

మంట భగ్గున లేచింది.

గేట్ల గదిలో వనజ గొంతు మాట మధ్యలో తెగిపోయింది. హలో బిడ్డా, హలో అని పగిడయ్య కేకలు వినబడ్డాయి. ఫోను చేతిలోకి తీసుకోవాలని మీట వదిలేశాడు. మోటార్లు ఆగిపోయాయి. గేట్లు బెత్తెడు లేచిన చోటే నిలబడ్డాయి. ఆ క్షణంలోనే జూలూరుపాడు మిల్లులో ర్యాకుల నిండా ఫోన్లు ఒక్కసారే నోరు మూసుకున్నాయని, గేటు దగ్గర కట్టేసి ఉన్న కాపలావాళ్ళు తర్వాత విచారణలో చెప్పారు.

మిషన్ అక్కడికి పూర్తయింది. రూప్లా లేవొచ్చు. లేవలేదు. మొదటి ముద్ద ప్రభుత్వం కోసం వేశాడు, మిగతాది తన మనిషి కోసం. రెండో ముద్ద వేశాడు. మూడోది వేశాడు. ప్రతి ముద్దకూ మంట లేస్తూనే ఉంది. సువర్ణ తలెత్తకుండా తింది. మర్యాద లేకుండా, పొద్దంతా పని చేసి వచ్చిన కూలి మనిషి తిన్నట్టు తింది. తింటుంటే ఆ షిఫాన్ చీర వెలిసి, ఆమె ఎప్పుడూ కట్టుకునే నీలం వాయిల్ చీరయింది. ఎత్తు మడమల చెప్పుల చోట పాత కాన్వాస్ బూట్లు వచ్చాయి. బూట్లు తడి నేలను తాకాయి. రూప్లా ఏడుస్తూ వేశాడు, గిన్నె అడుగు కనబడేదాకా వేశాడు. ఉప్పు కన్నీళ్ళు కలిసినా ఆమె వంక పెట్టలేదు.

చివరి ముద్దకు ఆమె గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది, చాలన్నట్టు. అతను బలవంతం చేశాడు. నవ్వి తినేసింది.

“పోతున్న,” అంది. “నాకు రోజూ కంచం పెట్టకు. నువ్వు వేడి వేడిగ తిను.”

రూప్లా నేల మీద తల ఆనించి దండం పెట్టాడు. పెళ్ళానికి దండం పెట్టడం అతనికి అదే మొదలు. తలెత్తేసరికి నిప్పులు తప్ప ఎవరూ లేరు.

పగిడయ్య తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. చేతిలో మూగబోయిన ఫోను. పొయ్యి చూశాడు, ఖాళీ గిన్నె చూశాడు, రూప్లా ముఖం చూశాడు. విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. వెనక్కి పోయి గేట్లు దించేసి వచ్చి, లీవిచ్చినా ఇయ్యకున్నా రేపు పొద్దుగాల నా బిడ్డకు దినాలు చేస్త అని కొండమ్మతో అన్నాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది.

సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది. వెంకటనారాయణ ఫోన్.

“గేట్లు?”

“దించినం సార్.”

“ఆపరేటర్?”

“బతికే ఉన్నడు.”

“సువర్ణ?”

“తిని పోయింది సార్.”

వెంకటనారాయణ ముక్కు చీదిన చప్పుడు వినబడింది. కోల్డ్ స్టోరేజీలో ఘాటు ఎక్కువన్న సంగతి తెలిసిందే. కాసేపటికి గొంతు సవరించుకుని, మరి నువ్వు తిన్నావా అని అడిగాడు.

“లేదు సార్,” అన్నాడు రూప్లా. “గిన్నెల ఒక్క మెతుకు గూడ మిగల్చలే.”